తేమను చూసి టెంట్ కొన్నాను

టెంట్ కొనడానికి నాకు ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టాయి. తొందరపడితే ఒక్క సాయంత్రంలో అయిపోయే పనే. కానీ వీపు మీద మోసుకుంటూ నడిచేవాళ్లకు రాత్రి నిద్ర, మర్నాటి ఓపిక రెండూ టెంట్ మీదే ఆధారపడతాయి. అందుకని నిదానంగా చూశాను, తెలిసినవాళ్లను అడిగాను, వేరేవాళ్ల టెంట్లు అడిగి తెచ్చుకుని వాటిలో పడుకుని చూశాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఈ మధ్య కొండ నడకలకు వస్తున్న అమ్మాయిలు కొందరు అడుగుతున్నారు కాబట్టి, ఎలా ఎంచుకున్నానో మొత్తం రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. సెలవులొస్తే నడక. మందస వైపు నుంచి మహేంద్రగిరి, సాలూరు దాటాక సుంకి ఘాట్ పైన కొండలు, ఎస్.కోట మీదుగా అనంతగిరి వైపు. చాలా ఊళ్లలో రాత్రికి బడి వరండానో గుడి మండపమో దొరుకుతుంది. అది దొరకని చోట టెంట్ తప్పదు. దొరికినా దోమల బాధ ఉంటుంది, బట్టలు మార్చుకోవడానికి చాటు ఉండదు. ఆడవాళ్లం నలుగురం కలిసి వెళ్లినా, ఎవరికి వాళ్లకు జిప్పు వేసుకునే ఒక గది ఉంటే ఆ ధైర్యం వేరు. ఒక్క మనిషికి సరిపడే టెంటే కావాలనుకోవడానికి నాకు ఇదే అసలు కారణం.

ఇక బరువు. తిండి, నీళ్లు, ఇంధనం తీసేసి మిగతా సామాను నాలుగున్నర కిలోల లోపు ఉంటే దాన్ని అల్ట్రాలైట్ అంటారు. పది పౌండ్లన్న అమెరికా లెక్క నుంచి వచ్చిన అంకె ఇది. అక్కడ ఈ పద్ధతికి పెద్ద దిక్కుగా ఎమ్మా గేట్‌వుడ్ పేరు చెబుతారు. ఆవిడ 1955లో, 67 ఏళ్ల వయసులో, అప్పలాచియన్ ట్రైల్ మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు ఒంటరిగా నడిచారు. టెంట్ కూడా లేదు. వానకు కప్పుకోవడానికి స్నానాల గది ప్లాస్టిక్ కర్టెన్ ఒకటి పట్టుకెళ్లారు. ఆవిడ గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మన దగ్గర బరువు లెక్క ఇంకోలా ఉంటుంది. ఇక్కడ వీపు మీద పెద్ద బరువు నీళ్లది. మార్చిలో పగటి నడకకు కనీసం మూడు లీటర్లు, అంటే మూడు కిలోలు. కిలోన్నర టెంట్ బదులు 800 గ్రాముల టెంట్ తీసుకుంటే మిగిలే ఏడొందల గ్రాముల చోటులో దాదాపు ముప్పావు లీటరు నీళ్లు పెట్టుకోవచ్చు. నాకు తేలిక టెంట్ విలువ అంతే, అంతకు మించి లేదు. ఆపైన ఇంకో రెండొందల గ్రాముల కోసం మూడింతల డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు.

బరువు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. టెంట్ మీద రాసే బరువుల్లో 'మినిమమ్' అని ఒకటి ఉంటుంది. అందులో చాలాసార్లు పెగ్గులు (నేలలో కొట్టే మేకులు), సంచి, అదనపు తాళ్లు కలవవు. నేను చూసిన ప్రతి టెంట్‌నూ మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూచాను. ఫ్లై అనే పై పొర వేరే, ఇన్నర్ అనే లోపలి పొర వేరే, పెగ్గులు వేరే. షావుకారు గారు ఓపిగ్గా తూచి, చీటీ మీద రాసిచ్చేవారు.

మొదట అడిగి తెచ్చుకున్నది మా పీఈటీ మాస్టారి పాత డోమ్ టెంట్. వంగే కర్రలతో దానంతటదే నిలబడే రకం. రాతి నేల మీదా, సిమెంటు మీదా పెగ్గులు లేకుండా నిలబడడం దీనిలో ఉన్న సుఖం. కానీ సంచి తెరవగానే పుల్లటి వాసన కొట్టింది. లోపలి పూత జిగురులా వేళ్లకు అంటుకుంది. వాన ఆగడానికి గుడ్డ లోపల పూసే పాలీయురేథేన్ తేమలో, వేడిలో ఉండిపోతే విరిగి జిగటగా మారుతుంది. దాన్ని హైడ్రోలిసిస్ అంటారు. సముద్రం పక్కన మన ఇళ్లలో, వానాకాలమంతా అల్మారాలో మడతపెట్టి ఉంచిన టెంట్‌కు ఈ గతి పొడి ఊళ్లకంటే త్వరగా పడుతుంది. అప్పటి నుంచి గుడ్డ మీద పూత ఏమిటని అడగడం మొదలుపెట్టాను. రెండు వైపులా సిలికాన్ పూసినదానికి ఈ జబ్బు లేదు. కానీ దానికి కుట్ల మీద టేపు అంటదు కాబట్టి, పలచన చేసిన సిలికాన్ జిగురు మనమే కుట్టు కుట్టుకూ పూసుకోవాలి. బయట సిలికాన్, లోపల పాలీఈథర్ రకం యురేథేన్ పూత ఉంటే కుట్లకు ఫ్యాక్టరీలోనే టేపు వేస్తారు. మామూలు పూత కంటే ఇది తేమకు చాలా మేలుగా ఆగుతుంది.

రెండో టెంట్ విశాఖలో ట్రెక్కింగ్ చేసే ఒక స్నేహితురాలిది. ఒకే పొర, ఒకే కర్ర, సంచితో కలిపి ఏడొందల గ్రాముల చిల్లర. చేతిలో పట్టుకుంటే ముచ్చటేసింది. డిసెంబరు సెలవుల్లో హిరమండలం దగ్గర వంశధార ఒడ్డున, తెలిసినవాళ్ల తోటలో వేసి పడుకున్నాం. తెల్లారేసరికి లోపల గుడ్డంతా నీటి బొట్లు. తల ఎత్తితే జుట్టు తడిసింది, స్లీపింగ్ బ్యాగ్ పాదాల దగ్గర నానింది. ఆ రాత్రి చినుకు కూడా పడలేదు.

ఇది నేను పిల్లలకు ఏటా చెప్పే ఉష్ణం పాఠమే. సాంద్రీకరణం, తుషారం, ఆర్ద్రత. రాత్రంతా మనిషి ఊపిరిలో, చెమటలో సుమారు పావు లీటరు నీరు వదులుతాడు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి టెంట్ గుడ్డ తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గాలిలో అప్పటికే నిండా ఆవిరి ఉంటే అది ఆ గుడ్డకు తగలగానే నీరవుతుంది. నది ఒడ్డున నీటి ఆవిరి ఎక్కువ, చల్లగాలి పల్లంలోకి దిగి అక్కడే నిలుస్తుంది, కాబట్టి తడి ఇంకా ఎక్కువ. ఎంత ఖరీదైన గుడ్డయినా దీన్ని ఆపలేదు. గాలి ఆడేలా చేయడం ఒక దారి. ఆ తడి మన మీద పడకుండా మధ్యలో ఇంకో పొర పెట్టుకోవడం రెండో దారి. అమెరికాలో పొడి గాలి కొండల్లో ఒకే పొర టెంట్ వాడేవాళ్లు తడి గురించి పెద్దగా పట్టించుకోకపోవచ్చు. వంశధార, నాగావళి లోయల్లో పడుకునేవాళ్లు మాత్రం మొట్టమొదట చూడాల్సింది అదే.

అక్కడితో నా జాబితా సగానికి సగం తగ్గింది. రెండు పొరలు ఉండాలి. లోపలి పొర పూర్తిగా వల అయి ఉండాలి. ఎండాకాలం ఆ వల ఒక్కటే విడిగా నిలబడాలి. వానలో పై పొర ముందు వేసుకుని, లోపలి పొరను దాని కింద తగిలించుకునే వీలుండాలి. డోమ్ రకాల్లో చాలావాటికి ముందు ఇన్నర్ నిలబెట్టి దాని మీద ఫ్లై కప్పాలి. మన జడివానలో ఆ నాలుగు నిమిషాలు చాలు, పడుకునే చోటు చెరువవుతుంది.

గుడ్డల సంగతి కూడా కాస్త చెప్పాలి. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 15 డెనియర్ అంటే అంత పొడవు దారం 15 గ్రాములే. పొందూరు ఖద్దరు తెలిసిన మన జిల్లావాళ్లకు ఇది మొదట తికమకగా ఉంటుంది. నూలు కౌంటులో అంకె పెరిగేకొద్దీ దారం సన్నం, డెనియర్‌లో అంకె తగ్గేకొద్దీ సన్నం. ఈ టెంట్లలో ఎక్కువగా కనిపించేవి మూడు గుడ్డలు. సిలికాన్ పూసిన నైలాన్ గట్టిది, కానీ నీరు పీల్చి సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన టెంట్ అర్ధరాత్రికి వదులై లోపలికి వాలుతుంది, మళ్లీ లేచి బిగించాలి. పాలిస్టర్ అంత సాగదు. డైనీమా కాంపోజిట్ అని మూడోది ఒకటి ఉంది. పందెం పడవల తెరచాపల కోసం పుట్టిన గుడ్డ, నీరు పీల్చదు, సాగదు. దానితో చేసే జీప్యాక్స్ ప్లెక్స్ సోలో అనే టెంట్ 400 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. కానీ ధర చాలా ఎక్కువ, పొర ఒక్కటే, రాపిడికి త్వరగా అరుగుతుంది. పలుచని రకమైతే బయట నుంచి లోపలి నీడ కూడా తెలుస్తుంది. ఊరి పొలిమేరలో పడుకోవాల్సిన ఆడమనిషికి ఆ ఒక్క కారణం చాలు వద్దనడానికి.

గుడ్డ ఎంత నీటిని ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు. గొట్టంలో అంత ఎత్తు నీటిని నిలబెట్టినా కారదని అర్థం. పై పొరకు 1500, 2000 ఉంటే మన వానకు సరిపోతుంది. మోకాలు, మోచెయ్యి ఆనే అడుగు పొరకు ఇంకాస్త ఎక్కువ ఉంటే మంచిది.

కొలతలు కాగితం మీద చదివితే నాకు ఏమీ అర్థం కాలేదు. అందుకని మా మేడ మీద సుద్దముక్కతో గీశాను. పొడవు ఇంత, వెడల్పు ఇంత, కర్ర ఇక్కడ. గీతల మధ్య చాప వేసుకుని పడుకున్నాను, లేచి కూర్చున్నాను, సంచి ఎక్కడ పెడతానో, చెప్పులు ఎక్కడ విడుస్తానో చూసుకున్నాను. టెంట్ మధ్యలో ఒక్క కర్ర ఉండే నమూనాల్లో తల వైపు గోడ వాలు ఎంత దగ్గరికొస్తుందో తాడు కట్టి చూస్తేనే తెలిసింది. అమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చి గీతల మధ్య నన్ను చూసి, "గాలాడతాదేటే ఇందులో?" అంది. అంతమందిని అడిగినా ముందు ఆ ప్రశ్న వేసింది అమ్మే.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి లాన్‌షాన్ 1, ఒక్క ట్రెక్కింగ్ పోల్ (నడకకు పట్టుకునే చేతికర్ర) మీద నిలబడేది, రెండు పొరలు, ధర తక్కువ. రెండోది డర్స్టన్ ఎక్స్-మిడ్ 1, కెనడాకు చెందిన డాన్ డర్స్టన్ గీసిన నమూనా. రెండు పోల్స్, 800 గ్రాముల ప్రాంతం, 15 డెనియర్ పాలిస్టర్, కుట్లకు టేపు ముందే ఉంటుంది. కింద దీర్ఘచతురస్రం కాబట్టి నాలుగు మూలలకు నాలుగు పెగ్గులు కొట్టి, రెండు పోల్స్ ఎత్తితే నిలబడిపోతుంది. ముందు ఫ్లై, తర్వాత ఇన్నర్. రెండు వైపులా తలుపులు, రెండు వైపులా చిన్న వాకిళ్లు. ఒక వైపు నుంచి గాలి వస్తే ఇంకో వైపు తెరుచుకోవచ్చు. అమ్మ ప్రశ్నకు జవాబు ఇందులో దొరికింది.

ఇన్నర్ వలతోనూ ఇస్తారు, గుడ్డ గోడతోనూ ఇస్తారు. నేను వలే తీసుకున్నాను. చాటు ఫ్లై ఇస్తుంది. దీపం వెలిగిస్తే మాత్రం ఏ లేత రంగు గుడ్డ మీదైనా మన నీడ బయటికి పడుతుంది. బట్టలు మార్చుకునేటప్పుడు నేను హెడ్‌ల్యాంప్ ఆర్పేస్తాను. ఈ మాట ఏ టెంట్ కాగితంలోనూ రాయరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు సంక్రాంతికి వస్తూ తెచ్చిపెట్టాడు. సూట్‌కేస్‌లో చీరల మధ్య నుంచి తీసి, "అక్కా, టెంట్ అంటే ఇంకో పెట్టె కావాలేమో అనుకున్నాను. ఇంతేనా?" అన్నాడు. ధర ఇరవై వేల పైమాటే. నా జీతానికి అది చిన్న మొత్తం కాదు. కొన్ని నెలలు విడిగా దాచి కొన్నాను.

మొదట మేడ మీదే వేశాను. సిమెంటులో పెగ్గులు దిగవు కదా, నాలుగు మూలలకూ నీళ్ల టిన్నులు పెట్టి తాళ్లు వాటికి కట్టాను. మొక్కలకు నీళ్లు పట్టే పైపుతో తమ్ముడు చాలాసేపు వాన కురిపించాడు. లోపల కూర్చుని కుట్టు కుట్టునూ టార్చి వేసి చూశాను. చుక్క రాలేదు. పోల్స్ ఎత్తు ఎంత ఉంటే గుడ్డ ముడత లేకుండా బిగుస్తుందో చూసుకుని, పోల్ మీద ఆ చోట పెయింటుతో గుర్తు పెట్టుకున్నాను. చీకట్లో, వానలో కొలత వెతుక్కునే టెన్షన్ ఉండదు.

ఆ తర్వాత కళింగపట్నం. ఇసకలో మామూలు పెగ్గులు ఎంత లోతు దింపినా చిన్న గాలికే ఊడొచ్చేవి. పక్కన వల సర్దుకుంటున్న ఒక తాత చూసి, "ఇసకలో మేకులాగుతాయేటమ్మా? కర్ర అడ్డంగా కప్పెట్టు" అన్నాడు. కొబ్బరి మట్టల్ని జానెడు ముక్కలు చేసి, నడుముకు తాడు కట్టి, మోచేతి లోతున అడ్డంగా పూడ్చి తొక్కాం. రాత్రంతా సముద్రం గాలి కొట్టినా ఒక్క మూల కదల్లేదు. తీరం పొడవునా మట్టలకు కొదవ లేదు కాబట్టి ఇసక కోసం వేరే పెగ్గులు మోయక్కర్లేదు. ఆ రాత్రి ఇంకోటి కూడా చూశాం. మా టెంట్లలో ఒకటి సరుగుడు చెట్ల కింద వేశాం, నాది తెరిపిన. తెల్లారి నా ఫ్లై బయటా లోపలా మంచు, చెట్ల కింద ఉన్నది దాదాపు పొడి. పైన కొమ్మలుంటే గుడ్డ అంతగా చల్లబడదు. ఇప్పుడు మంచు కాలంలో చోటు చూసేటప్పుడు నేను నేల కంటే ముందు పైకి చూస్తాను. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఇన్నర్‌లో నేను పొడిగానే లేచాను. ఫ్లైకి పట్టిన నీరు వల బయటే జారిపోయింది.

అసలు పరీక్ష ఆగస్టులో మహేంద్రగిరి మీద జరిగింది. ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న కొండే అయినా మందస నుంచి చూస్తే మన పెరటి కొండలాగే ఉంటుంది. ఎత్తు 1501 మీటర్లు. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో పాత రాతి గుడులున్నాయి. వానాకాలం అక్కడ మబ్బు నేల మీదే నడుస్తుంది. కింద ఊళ్లో చెప్పి, అడగాల్సినవాళ్లను అడిగి వెళ్లాం. సాయంత్రం గడ్డి నేలలో వేసే చోటు వెతకడానికి చాలాసేపు పట్టింది. ఈ టెంట్ తేలికైనా నేల మీద రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు పైన వెడల్పు చదునైన చోటు అడుగుతుంది. రాళ్ల మధ్య, వాలుల్లో అది అంత సులువుగా దొరకదు. ఇరుకు చోట్ల పడుకునేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఫ్లై వేస్తుండగానే వాన అందుకుంది. దాని కిందకు దూరి, లోపలి నుంచే ఇన్నర్ తగిలించాను. పరుపు పొడిగా పరుచుకున్నాను. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. రాత్రి గాలి పెరిగాక పోల్స్ కాస్త పొట్టి చేసి, ఫ్లై అంచును నేలకు దగ్గరగా దించాను, రెండు కొసల నుంచి అదనపు తాళ్లు కట్టాను. పాలిస్టర్ సాగలేదు, తెల్లారేదాకా మళ్లీ బిగించాల్సిన పని పడలేదు. ఫ్లై లోపలి వైపు తడి పట్టింది, మబ్బులో పడుకుంటే పట్టకుండా ఉండదు. గాలి అదిరించినప్పుడు కొన్ని బొట్లు వల మీద రాలి, సన్నని తుంపరగా లోపలికి వచ్చాయి. చిన్న తువ్వాలుతో తుడిస్తే సరిపోయింది.

ఉరుములు ఉంటే మాత్రం శిఖరం మీద, తెరిపిన వేయకూడదు. టెంట్ నిలబెట్టేవి లోహపు కర్రలు. ఏప్రిల్, మేలో సాయంత్రం ఉరుములతో గాలివాన లేచే రోజుల్లో మేం కొండ మీద ఉండం. అక్టోబరు, నవంబరుల్లో వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా తీరం వైపు బయల్దేరం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను, ఉద్దానంలో కొబ్బరి చెట్లనే వేళ్లతో పెకిలించింది. గుడ్డ, తాళ్లు ఎంత మంచివైనా ఆ గాలికి పనికిరావు.

ఉద్దానం అన్నాను కాబట్టి ఎలుగుబంట్ల మాట కూడా. జీడి, పనస పండే రోజుల్లో అవి తోటల్లోకి వస్తాయి. మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో రాత్రి టెంట్ వేసే ఆలోచనే పెట్టుకోవద్దు. ఊళ్లో అడిగి బడి ఆవరణలోనో, ఇళ్ల మధ్యనో వేసుకోండి. ఎక్కడ వేసినా తిండి టెంట్‌లో పెట్టకండి. చీమలు, ఎలుకలు కూడా వల కొరికేస్తాయి. మన్యం వైపు ఏనుగులు తిరిగే ఊళ్లలోనైతే ఊరివాళ్లు ఎక్కడ ఉండమంటే అక్కడే.

ఇంటికి రాగానే ఫ్లై, ఇన్నర్ రెండూ వరండాలో తీగ మీద వేసి నీడలో ఆరబెడతాను. ఎండలో రోజంతా వదిలేస్తే దారం బలం తగ్గిపోతుంది. ఇసక, బురద మంచినీళ్లతో కడుగుతాను, సబ్బు పొడి వాడను. దాని బిగుతు సంచిలో కుక్కకుండా పాత నూలు దిండుగలీబులో వదులుగా పెట్టి, అల్మారా పై అరలో ఉంచుతాను. వానాకాలంలో వాడకపోయినా ఎండ కాసిన రోజు చూసి తీసి ఆరబెడతాను. అడుగున పరచడానికి మీటర్ల లెక్కన అమ్మే పలుచని పాలిథిన్ పట్టా కొని, టెంట్ అడుగు కంటే నాలుగు వేళ్లు లోపలికి కత్తిరించాను. బయటికి ఉంటే వాన నీరు దాని మీద చేరి అడుగుకు వస్తుంది. తుమ్మ ముళ్లు, సరుగుడు కాయలు ఇప్పటిదాకా దాన్నే గుచ్చుకున్నాయి, టెంట్‌ను తాకలేదు.

ఇంత డబ్బు ఇప్పుడే పెట్టలేని వాళ్లు రెండు పొరలు, వల ఇన్నర్ ఉన్న లాన్‌షాన్ రకం చూడండి. కుట్లకు టేపు ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే సిలికాన్ జిగురు మీరే పూసి ఒక రోజంతా ఆరనివ్వండి. నడక తక్కువ, ఊళ్లలోనే మకాం అనుకుంటే కిలోన్నర డోమ్ టెంట్ కూడా హాయిగా పనికొస్తుంది. ఏది కొన్నా కొనేముందు ఒక రాత్రి అలాంటిదాంట్లో, వీలైతే డిసెంబరులో ఏ నది ఒడ్డునైనా పడుకుని చూడండి. నా టెంట్ చూడాలనుకుంటే శ్రీకాకుళం చుట్టుపక్కల వాళ్లు ఆదివారం మా మేడ మీదికే రావచ్చు, సుద్దగీతలు ఇంకా అక్కడే ఉన్నాయి.